ఒకటో తరగతి పిల్లలకు పురుగులను చూపించడానికి తోటకు తీసుకువెళ్లడం తప్పా?

పంతులమ్మ (రాజాం):
మా బడి వెనుక ఉన్న మామిడి తోటకు శనివారం పూట ఒకటి, రెండు తరగతుల పిల్లలను తీసుకువెళ్లి, రాళ్ల కింద, రాలిన ఆకుల కింద ఉండే పురుగులను చూపించడం ఈ వానాకాలంలో మొదలుపెట్టాను. ముట్టుకోగానే రోకలిబండ ఎందుకు చుట్ట చుట్టుకుంటుందో వాళ్లే అడిగారు. ఎర్ర చీమలు తమ పిల్ల పురుగులను నోట కరచుకుని, వాటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులను కుడతాయని చెబితే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. గూటి అంచున ఉన్న తెల్లని అల్లికను దగ్గరగా చూపించిన తరువాతే నమ్మారు. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటల ద్వారా, పరిసరాల ద్వారా నేర్పాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెబుతోంది. అయినా తల్లిదండ్రుల సమావేశంలో కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో, దీన్ని ఆపేయమని యాజమాన్యం నాతో అంది. ఇది ఆపవలసిన పనేనా? సభ్యులు నిర్మొహమాటంగా చెప్పండి.

తోటపాలెం తల్లి:
పంతులమ్మ గారూ, పిల్లలు కాళ్లకు ఏమి వేసుకుని వెళుతున్నారో మీరు రాయలేదు. కొంకి పురుగు పిల్లలు మట్టిలో ఉండి, ఉత్త కాళ్ల చర్మం గుండానే లోపలికి చొచ్చుకుపోయి, పేగులకు చేరి రక్తం పీలుస్తాయి. మా బాబు చదివిన మరో బడిలో, చెప్పులు గుమ్మం దగ్గరే విడిపించి పిల్లలను పెరట్లోకి వదిలేవారు. వాడికి రక్తం తగ్గిపోయి, మొహం పాలిపోయి, చివరికి డాక్టరు గారు ఈ పురుగేనని తేల్చినప్పుడు, ఆ బడివారు మా ఇంటి వంటను తప్పుపట్టారు. అందువల్ల ముందు కాళ్ల సంగతి తేల్చండి, తక్కినది తరువాత మాట్లాడుకుందాం.

గజపతినగరం కుర్రాడు:
మనమందరం మట్టిలోనే పెరిగాం కదండీ, ఎవరికేమయింది?

తోటపాలెం తల్లి:
ఏమయిందో పైనే రాశాను, చదవండి.

పంతులమ్మ (రాజాం):
అమ్మా, మా పిల్లలు బూట్లతోనే వెళతారు. మీరు చెప్పిన పురుగు మనుషుల మలంతో చెడిన మట్టిలో పెరుగుతుంది. మా తోటకు కంచె ఉంది, అక్కడ బహిర్భూమికి ఎవరూ వెళ్లరు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల దినాల్లో ఆల్బెండజోల్ మాత్రలను బడిలోనే దగ్గరుండి మింగిస్తున్నాం. ఇక మేము చూపించే వానపాముకూ, కడుపులో చేరే పురుగులకూ ఏ సంబంధమూ లేదు. దానికి కళ్లు లేవు, అది తడి చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది, అందుకే చేతులు తడుపుకుని గాని పట్టుకోనివ్వను. ఒకసారి దానిని గట్టి కాగితం మీద వదిలి, చెవి దగ్గర పెట్టి వినమన్నాను. దాని ఒంటి కింద ఉండే సన్నని ముళ్లు కాగితానికి గీసుకుని గరగరమన్నాయి. అప్పటిదాకా ఛీ అని ముక్కు మూసుకున్న పిల్ల, ఆ చప్పుడు విన్నాక దాన్ని ఎవరికీ ఇవ్వనంది.

తోటపాలెం తల్లి:
బూట్లు అంటే కాలు మొత్తం మూసేవా, పట్టీల చెప్పులా? అదీగాక, ఇప్పుడు స్క్రబ్ టైఫస్ జ్వరం అంటున్నారు. అది కూడా గడ్డిలో ఉండే ఎర్ర పురుగు కుట్టడం వల్లనే కదా? మీరు మొదటి వానలకు వచ్చే ఆరుద్ర పురుగును కూడా పిల్లల అరచేతుల్లో పెట్టే ఉంటారు.

నాగావళి గట్టు:
విశ్రాంత సైన్సు మాస్టారిగా ఒక సవరణ. ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు ఉంటాయి కనుక అది కీటకమే కాదు, సాలీడు వర్గానికి చెందినది. ఇది మనుషులను కుట్టదు. స్క్రబ్ టైఫస్‌ను తెచ్చేది దాని దూరపు బంధువుల పిల్ల పురుగు, అది కంటికి ఆనడమే కష్టం. గుబురు గడ్డిలోకి వెళ్లకుండా, ఒళ్లు కప్పే బట్టలు వేసి, వచ్చాక స్నానం చేయిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. కుట్టిన చోట నల్లని పెచ్చు కట్టి జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, మందు ఉంది. ఇవేవీ కాక, తోటలో పురుగుమందు ఎప్పుడు కొట్టారని ఎవరూ అడగకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. నా లెక్కన ఇక్కడ అసలు ప్రమాదం అదే.

పంతులమ్మ (రాజాం):
మాస్టారూ, తోట యజమానిని అడిగిన తరువాతే వెళుతున్నాం. మందు కొట్టిన వారం తరగతి గదిలోనే ఉంటాం.

ఉద్దానం వాడు:
నేను ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. మా అమ్మాయి బడిలోనూ ఈ తంతు మొదలైంది. బూట్ల గురించి, కాళ్ల లెక్క గురించి మీరు చాలా రాశారు. నాకు ఆ భయాలు లేవు. మా అమ్మ పొద్దున్నే వేరుశనగ చేలో వంగి, ఎర్ర గొంగళి పురుగులను ఏరి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేసేది. నేను ఆమె వెనుక డబ్బా పట్టుకుని నడిచేవాడిని. ఆ నూగు తగిలి చేతులు రాత్రంతా మండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా కొబ్బరి చెట్లు కూలాయి, పడిన మొద్దులు కుళ్లి కొమ్ము పురుగుకు పుట్టిల్లయ్యాయి, మిగిలిన నాలుగు చెట్ల మొవ్వులనూ ఆ పురుగే తినేసింది. మేము ఊరు విడిచి వచ్చాం. అప్పు చేసి ఫీజు కడుతున్నది మా పిల్ల మళ్లీ మట్టి పిసకడానికి కాదు.

పంతులమ్మ (రాజాం):
మీ కష్టాన్ని నేను కాదనను. కాని వారానికి ఒక గంట చెట్టు కింద నిలబడినంత మాత్రాన మీ పిల్ల కూలీ అయిపోతుందా? పురుగును చూసి కేకలు పెట్టే పిల్లలను తయారుచేస్తేనే చదువు చెప్పినట్టా? మీలాంటివారే సమావేశాల్లో లేచి మాట్లాడి నా చేతులు కట్టేస్తున్నారు.

ఉద్దానం వాడు:
మీలాంటివారు అంటే ఎవరు, మేడమ్ గారూ? పురుగులు ఏరుకుని బతికినవారా?

నాగావళి గట్టు:
ఇద్దరూ నెమ్మదించండి.

పంతులమ్మ (రాజాం):
నేను ఆ ఉద్దేశంతో అనలేదు. సమావేశంలో అడ్డుపడినవారి గురించి అన్నాను.

ఉద్దానం వాడు:
మీ ఉద్దేశం ఏదైనా, నాకు కాలిన చోటు ఇది. ఏ పురుగు ఏ కార్తెలో వస్తుందో, ఏ ఆకు వెనుక గుడ్లు పెడుతుందో, పెంటకుప్పలో ఎంత లోతున కొమ్ము పురుగు పిల్లలు ఉంటాయో మా అమ్మకు తెలుసు. ఆమెకు ఆ విద్య ఉన్నందుకు ఏ బడీ గుమ్మం ఎక్కనివ్వలేదు, వేలిముద్ర మనిషి అన్నారు. ఇప్పుడు అదే విద్యకు పరిసరాల అన్వేషణ అని పేరు పెట్టి, దానికి విడిగా రుసుము వేసి, పట్నం నుంచి వచ్చిన శిక్షకుడి చేత చెప్పిస్తున్నారు. మా అమ్మాయి నోటుపుస్తకంలో గొంగళి పురుగు బొమ్మ కింద, చేలో దానిని చేత్తో ఏరే మనుషులు ఉంటారన్న ముక్క ఒక్కటి లేదు. నా కోపం పురుగు మీద కాదు.

తోటపాలెం తల్లి:
రుసుము కూడా తీసుకుంటున్నారా? ఈ సంగతి ముందే చెప్పవలసింది.

పంతులమ్మ (రాజాం):
మా బడిలో రుసుము లేదు. మీ మాట మాత్రం నాకు ఆలోచించదగినదిగా ఉంది. పురుగును అందంగా చూపించడంలో పడి, అది పంటను తినేసిన ఇళ్ల పిల్లలు కూడా నా ముందే కూర్చున్నారన్నది నేను పాఠంలోకి తేలేదు. అయినా తోట మానేయడం దానికి జవాబు అవుతుందని నేను ఒప్పుకోను. మీ అమ్మగారి వంటివారే వచ్చి చెబితే ఎలా ఉంటుంది?

ఉద్దానం వాడు:
మా అమ్మాయి బడికైనా, మీ బడికైనా నా షరతు ఒకటే. పిలిస్తే అతిథిగా పిలవాలి, పిల్లల ముందు కుర్చీ వేయాలి, పట్నం శిక్షకుడికి ఎంత ఇస్తారో అంతే ఆమె చేతిలో పెట్టాలి. సేవగా రమ్మంటే పంపను. అందుకు యాజమాన్యం ఒప్పుకోకపోతే, మా పిల్లను ఆ గంట తరగతి గదిలోనే కూర్చోబెట్టి లెక్కలు చేయించమని రాతపూర్వకంగా ఇస్తాను.