ఊహా భూదృశ్యాలకు ఉచిత సాఫ్ట్‌వేర్ చాలునా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కావాలా?

గణిత ఉపాధ్యాయుడు, బొబ్బిలి:
కొండలు, లోయలు, తీరాలు కంప్యూటర్‌లో కల్పించి చూడడం ఈ వేసవిలో మా బడి పిల్లలకు నేర్పాలనుకుంటున్నాను. ఇందుకు టెర్రాజెన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత కూర్పు మంచిదని ఒక మిత్రుడు, బ్లెండర్ అనే మరో సాఫ్ట్‌వేర్ మంచిదని మరొకరు అన్నారు. రెంటికీ డబ్బు కట్టనక్కరలేదు కనుక ఏదైనా ఒకటేనా?

చిత్రకారిణి, విజయనగరం:
టెర్రాజెన్‌తోనే మొదలుపెట్టండి. మబ్బులూ పొగమంచూ సాయంకాలపు వెలుగూ అందులో కుదిరినంత సహజంగా మరొకదానిలో కుదరడం నేను చూడలేదు. మొదటి గంటలోనే పిల్లల కంటికి ఒక కొండ కనబడాలి. బ్లెండర్ తెర నిండా ఉన్న బొత్తాలను చూసి బెదిరినవారు రెండో రోజు రారు. ఉచిత కూర్పులో చిత్రం పరిమాణానికి పరిమితి ఉంది, వ్యాపారానికి వాడరాదు. బడికి ఈ రెండూ అడ్డు కావు. టెర్రాజెన్ కోడ్ మూసి ఉంటుంది, బ్లెండర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే దాని కోడ్ ఎవరైనా చదివి మార్చుకోవచ్చు, నిజమే. కాని ఆ కోడ్ చదివే తీరిక ఎందరు ఉపాధ్యాయులకు ఉంటుంది?

ప్రోగ్రామర్, శ్రీకాకుళం:
మబ్బుల విషయంలో మీ మాట కాదనను. అయితే అడిగినవారు లెక్కల మాస్టారు. ఆయనకు కొండ బొమ్మతో పాటు ఆ కొండ ఎలా పుట్టిందో చెప్పగలగడమూ కావాలి.

కంప్యూటర్‌లో కొండలు పుట్టించేందుకు 1982లో ఫోర్నియర్, ఫస్సెల్, కార్పెంటర్ అనే పరిశోధకులు ప్రచురించిన పద్ధతిలో ఉన్నది సగటు లెక్కే. చతురస్రం నాలుగు మూలలకు 10, 30, 20, 40 అని ఎత్తులు ఇస్తే నడిమి బిందువుకు సగటు 25 వస్తుంది. పాచిక వేసి, నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఆ అంకెను కలపాలి, బొరుసు పడితే తీసివేయాలి. అంచుల మధ్య బిందువులకూ, ఆపైన ఏర్పడే చిన్న చతురస్రాలకూ ఇదే పని చేస్తూ, మెట్టు మెట్టుకూ పాచిక బలాన్ని, అంటే కలిపే లేదా తీసివేసే అంకెను, తగ్గిస్తూ పోవాలి. మా అక్క పిల్లలతో గళ్ల కాగితం మీద ఇది చేయించి, తరువాత కంప్యూటర్‌లో చూపినప్పుడు, కొండ వాలు మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత కనబడింది. "మావయ్యా, కొండకు ఇస్త్రీ మడత ఎందుకుంది?" అని చిన్నది అడిగింది. అది ఈ పద్ధతికి ఉన్న పాత లోపమే. కోడ్ తెరిచి, ఏ చతురస్రపు అంచు దగ్గర ఆ మడత పుట్టిందో వేలు పెట్టి చూపగలిగాను. కోడ్ మూసి ఉన్న సాఫ్ట్‌వేర్ అయి ఉంటే "అదంతే" అని ఊరుకోవలసి వచ్చేది.

శాలిహుండం కొండ మీద నిలబడి చూస్తే వంశధార ఒడ్డు పొలాలు చదునుగా పరచుకుని ఉంటాయి. ఆ చదును నది తెచ్చిన ఒండ్రు వల్ల వచ్చింది. పాచికల లెక్కకు నీటి సంగతి తెలియదు గనుక అంతటా ఒకే గరుకుతనం వస్తుంది. బ్లెండర్‌లోని ఏ.ఎన్.టి. ల్యాండ్‌స్కేప్ అనే యాడ్-ఆన్‌లో (అదనంగా చేర్చుకునే పనిముట్టులో) నీటి కోతను కూడా చేర్చవచ్చు. అది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది కనుక పిల్లలే ఒక అంకె మార్చి కొండ ఎలా మారుతుందో చూడగలరు. పైగా 2002లో విరాళాలతో 1,00,000 యూరోలు పోగుచేసి బ్లెండర్ కోడ్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చేశారు. గీసిన చిత్రం గీసినవారిదే, అమ్ముకున్నా అడిగేవారు లేరు.

చిత్రకారిణి, విజయనగరం:
మడత సంగతి ఒప్పుకుంటాను. కాని బడుల్లో ఉండే పాత కంప్యూటర్లలో కొత్త బ్లెండర్ తెరుచుకోనే తెరుచుకోదు. దానికేమంటారు?

ప్రోగ్రామర్, శ్రీకాకుళం:
నిజమే. పాత 2.79 కూర్పు ఇప్పటికీ దొరుకుతుంది, దానికి ఓపెన్‌జీఎల్ 2.1 (తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ ప్రమాణం) ఉంటే చాలు. ఈ యాడ్-ఆన్ అందులోనూ ఉంది.

గణిత ఉపాధ్యాయుడు, బొబ్బిలి:
మావన్నీ పాతవే, 2.79 పెట్టి చూస్తాను. ముందు రెండు రోజులు గళ్ల కాగితంతోనే నడుపుతాను. వరుసకు 9 బిందువులు సరిపోతాయా?

ప్రోగ్రామర్, శ్రీకాకుళం:
9 అయితే మొత్తం 81 బిందువులు, ఒక పీరియడ్‌లో తెమలదు. 5 పెట్టండి, 25తో అయిపోతుంది.