అప్‌డేట్: ఒకే డోసు, రోజుకో షుగర్ - కారణం దొరికింది

ఇన్సులిన్ డోసు మార్చకపోయినా షుగర్ ఒకరోజు 90, మరోరోజు 280 ఎందుకొస్తోందని అడిగాను కదా. తప్పు మందులో లేదు, పొడిచే చోట ఉంది. బొడ్డు పక్కన అదే చోట పొడిచీ పొడిచీ చర్మం కింద కొవ్వు గడ్డకట్టింది. అక్కడ మందు ఒకసారి ఆలస్యంగా, ఒకసారి గబుక్కున ఒంటికెక్కుతుంది. కంటికి కనపడకపోయినా వేళ్లతో తడిమితే తెలుస్తుంది.

ఇప్పుడు గడ్డను వదిలేసి, ప్రతిసారీ ముందు పొడిచిన చోటికి కనీసం 1 సెం.మీ. ఎడంగా, కొత్త సూదితో పొడుస్తున్నాను. మందు పూర్తిగా లోపలికి నొక్కాక 10 లెక్కపెట్టి సూది తీయడం.

ముఖ్యంగా ఒకటి: మంచి చోటికి మారగానే పాత డోసే ఎక్కువై షుగర్ పడిపోవచ్చు. అందుకే డాక్టరు ముందే డోసు తగ్గించారు. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. గడ్డ తగ్గడానికి నెలలు పడుతుంది. నొప్పి తెలియట్లేదని దయచేసి అక్కడే పొడవకండి.