నాయకుడిని మట్టుబెడితే ఉగ్రవాద సంస్థ నిజంగా పడిపోతుందా?

చదువరి:
ఏ ఉగ్రవాద నాయకుడు హతమైనా టీవీలో ఒకటే మాట, సంస్థ వెన్ను విరిగిందని. 2006 జూన్‌లో ఇరాక్‌లో అక్కడి అల్‌ఖైదా నాయకుడు జర్కావీని బాంబులేసి చంపినప్పుడూ అదే అన్నారు, తీరా చూస్తే ఆ సంస్థే ఐసిస్‌గా పేరు మార్చుకుని 2014లో మోసుల్ నగరాన్నే పట్టేసుకుంది. మరి ఈ పద్ధతి వల్ల ఉపయోగం ఉందంటారా, జనానికి చూపించుకోవడానికేనా?

పాతకాపు:
అందరికీ ఒకే లెక్క కుదరదండీ. పెరూలో షైనింగ్ పాత్ అనే మావోయిస్టు సంస్థ అంతా దాని నాయకుడు గుజ్మాన్ చుట్టూనే తిరిగేది, పక్కన రెండో మనిషిని ఎదగనివ్వలేదు. లిమాలో ఒక డ్యాన్స్ స్కూల్ పై అంతస్తులో దాక్కుంటే పోలీసులు రోజూ ఆ ఇంటి చెత్త తిరగేసి, అందులో సిగరెట్ పీకలు, సోరియాసిస్ మందు ట్యూబులు చూసి లోపల ఉన్నది అతనే అని పసిగట్టారు. 1992 సెప్టెంబర్‌లో ప్రాణాలతో పట్టుకుని, చారల బట్టలు వేసి, బోనులో నిలబెట్టి లోకానికి చూపించారు. మరుసటి ఏడాది శాంతి చర్చలు కావాలని జైలు నుంచి తనే అడిగాడు, దాంతో సంస్థ రెండుగా చీలి మళ్లీ కోలుకోలేదు.

నిశాచరుడు:
ఆ ఒక్కటీ చూసి మురిసిపోకండి. అదే 1992 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ లెబనాన్‌లోని హిజ్బుల్లా సంస్థ అధినేత ముసావీని చంపితే, నెల తిరిగేసరికి అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో ఇజ్రాయెల్ ఎంబసీ పేలింది, 29 మంది పోయారు. ముసావీ కుర్చీలో కూర్చున్న నస్రల్లాకి అప్పుడు 31 ఏళ్లే, అంతకంటే గట్టివాడై 2024 దాకా నడిపాడు. డబ్బూ, ఆస్పత్రులూ, పార్టీ, నాయకుణ్ణి ఎన్నుకునే మండలి, అన్నీ ఉన్న సంస్థకి ఒక మనిషి పోతే ఏం లోటు?

అపర్ణ:
సంస్థ చచ్చిందా బతికిందా అన్నదొక్కటే చూస్తే ఎలా? తర్వాతి వంతు తనదేమో అన్న టెన్షన్ కూడా పనిచేస్తుంది. బిన్ లాడెన్ పాకిస్తాన్‌లోని అబోటాబాద్ ఇంట్లో ఫోనూ ఇంటర్నెట్టూ లేకుండా ఉత్తరాలతోనే నెట్టుకొచ్చాడు, డ్రోన్ల భయంతో వజీరిస్తాన్ వదిలి వెళ్లిపొమ్మని తన వాళ్లకు రాశాడు. చివరికి 2011లో ఆ ఉత్తరాలు మోసే మనిషి వల్లే దొరికిపోయాడు.

చదువరి:
అయితే ప్రాణాలతో పట్టుకోవడమే మేలంటారా?

పాతకాపు:
వీలైన చోట మేలే, కానీ గ్యారంటీ లేదు. టర్కీతో పోరాడిన కుర్దుల సాయుధ సంస్థ పీకేకే నాయకుడు ఒజలాన్ 1999లో నైరోబీలో దొరికాక పోరు ఆపమన్నాడు, ఆపారు, 2004లో మళ్లీ మొదలెట్టారు. 2025లో ఆయనే జైలు నుంచి సంస్థని రద్దు చేయమంటే మే నెలలో రద్దు ప్రకటించారు. అదే మాట ఇంకొకరు చెప్తే వాళ్లు వినేవాళ్లు కాదనే నా అనుమానం.