బెంగళూరు నుంచి నెల్లూరుకు మారితే డీబీఏ జీతంలో ఎంత కోతకు ఒప్పుకోవాలి?

పెన్నాతీరం:
నమస్కారమండి. బెంగళూరులో ఏడేళ్లుగా ఒకే సంస్థలో ఒరాకిల్ డీబీఏగా (ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే డేటాబేస్‌లను చూసుకునే ఉద్యోగం) పనిచేస్తున్నాను. నాన్నగారి వైద్యం కోసం నెల్లూరులో కాపురం పెట్టాల్సి వస్తోంది. ఇంటి నుంచే పనిచేయడానికి సంస్థ ఒప్పుకుంది గానీ, అక్కడ ఖర్చులు తక్కువ కాబట్టి బేసిక్‌తో (మూల వేతనంతో) సహా జీతం 20 శాతం తగ్గిస్తామంటోంది. ఇప్పుడు బేసిక్ 60,000. చేతికొచ్చే 1,20,000లో సుమారు 24,000 పోతుంది. ఇక్కడ మెయింటెనెన్స్‌తో కలిపి అద్దె 27,000 కడుతున్నాను. ఒప్పుకోవచ్చునా?

హరనాథపురం డీబీఏ:
మూడేళ్ల క్రితం నేనూ ఇలాగే వచ్చాను. మా వీధిలో రెండు పడగ్గదుల ఇంటికి 12,000 ఇస్తున్నాను కనుక, మీకు అద్దెలో 15,000 కలిసొస్తుందనుకోండి. మిగిలిన 9,000 బియ్యంలోనూ కూరగాయల్లోనూ మిగులుతుందని ఆశపడకండి. (నెల్లూరులో చేపలు చవకనే వాళ్లను ఆదివారం పొద్దున కొరమీను బేరమాడమనండి.) పైగా ఆఫీసులో ఉచితంగా దొరికే కరెంటు, నెట్ ఇక్కడ మన జేబులోంచే పోతాయి. ఒరాకిల్ ప్యాచ్‌లు (లోపాలను సరిదిద్దే అప్‌డేట్లు) జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో వస్తాయి కదా. అలాంటి ఒక శనివారం రాత్రి ఒంటిగంటకు ప్యాచింగ్ సగంలో ఉండగా కరెంటు పోయి, ఇన్వర్టర్ కుయ్యిమంటుంటే ఫోన్ హాట్‌స్పాట్‌తో పని ముగించాను. ఆ రాత్రి పని బెంగళూరులో చేసినా ఇక్కడ చేసినా ఒకటే.

పాత లెక్కల గుమస్తా:
కోత ఎంతన్నదాని కంటే ఎందులో కోస్తున్నారన్నది ముఖ్యమండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి బెంగళూరు నుంచి నెల్లూరుకు బదిలీ అయితే బేసిక్‌లో రూపాయి తగ్గదు, ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం లాంటివే మారతాయి. అద్దె భత్యం కోసం ప్రభుత్వం ఊళ్లను తరగతులుగా విడదీసింది: బెంగళూరు ఎక్స్ తరగతి నగరం, నెల్లూరు 2015 ఏప్రిల్ నుంచి వై తరగతి. 2024 జనవరి నుంచి అద్దె భత్యం బేసిక్‌లో 30 శాతం, 20 శాతం చొప్పున ఉంది. మీ బేసిక్ మీద ఆ తేడా 6,000 మాత్రమే. ఇక గ్రాట్యుటీని (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి సంస్థ ఇచ్చే మొత్తాన్ని) చివరి జీతం మీద ఏడాదికి 15 రోజుల చొప్పున, నెలను 26 రోజులుగా తీసుకుని కడతారు. బేసిక్ 48,000కు దిగితే బెంగళూరులో మీరు చేసిన ఏడేళ్ల సర్వీసుకు కూడా ఆ తక్కువ లెక్కే వర్తించి, దాదాపు 48,000 రూపాయలు నష్టపోతారు. ప్రావిడెంట్ ఫండ్ బేసిక్ మీద కడుతుంటే అదీ తగ్గుతుంది.

పెన్నాతీరం:
గ్రాట్యుటీ సంగతి నాకు తట్టనే లేదండి, కృతజ్ఞతలు. బేసిక్ ముట్టుకోకుండా అద్దె భత్యంలోనే తగ్గించమని, నెట్ బిల్లు, ఆన్‌కాల్ భత్యం (వేళ కాని వేళ పిలిస్తే పనికి సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చేది) విడిగా ఇవ్వమని రేపే రాస్తాను. రెండు నెట్ కనెక్షన్లు సరిపోతాయా?

హరనాథపురం డీబీఏ:
సరిపోతాయి గానీ, రెండూ ఒకే స్తంభం మీదుగా రాకుండా చూసుకోండి. మా వీధిలో గడ్డిలారీ ఒకటి రెండు తీగలనూ కలిపి లాక్కుపోయింది.