మెక్సికో పాత టీపాయ్, పైన రాళ్ల మొజాయిక్: తెలిసినవాళ్లు చెప్పండి

ఆస్టిన్ సుధ
శాన్ ఆంటోనియోలో ఒక ఎస్టేట్ సేల్‌లో టీపాయ్ కొన్నాం. పైభాగమంతా రంగురంగుల రాతి ముక్కలు, మధ్యమధ్యలో సన్నటి ఇత్తడి పట్టీలు. మెక్సికోలో 1950ల్లో చేసిందని అమ్మినావిడ చెప్పారు. సంతకం, ముద్ర ఏమీ కనిపించలేదు. ఎవరు చేశారో తెలుసుకునే దారి ఉందా? మెరుపు తగ్గింది, మావారు పాలిష్ పట్టిద్దాం అంటున్నారు. పైగా మొన్న చుట్టాలొచ్చినప్పుడు ఎవరో పులిహోర గిన్నె దాని మీద పెట్టారు. అంచు దగ్గర పసుపు మరక.

పాతసామాను ప్రియ
సుధ గారూ, ముందు బల్లను బోర్లించి అడుగు భాగం ఫొటోలు పెట్టండి. దుప్పటి పరచి, ఇద్దరు పట్టుకుని తిప్పండి, బరువు మామూలుగా ఉండదు. ఆ కాలంలో లోహంలో రాయి, గాజు పొదిగినవాళ్లు చాలామందే ఉన్నారు. తాస్కో ఊళ్లో కాస్తియో అన్నదమ్ములు 1939లో పెట్టిన వర్క్‌షాప్ సరుకు మీద సాధారణంగా ముద్ర ఉంటుంది. సాల్వడోర్ తెరాన్ అక్కడ పనిచేసి, తర్వాత మెక్సికో సిటీలో సొంతంగా పెట్టుకున్నాడు. ఇత్తడి మీద గాజు మొజాయిక్ ఆయన ప్రత్యేకత.

ముద్ర లేని బల్లకి అమ్మేవాళ్లు "ఫలానావారి శైలి" అని తగిలించి రేటు పెంచేస్తారు. మీరు కొనేశారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. పేరు దొరక్కపోయినా పని బాగుంటే చాలు అనుకునే రకం నేను.

గుంటూరోడు
పాలిష్‌కి అంత ఆలోచన ఎందుకండీ? మన ఊళ్లో మొజాయిక్ గచ్చుకి మెషిన్ పెట్టి, ఆగ్జాలిక్ పొడి వేసి రుద్దితే అద్దంలా వచ్చేది. ఇదీ అంతేగా.

రాళ్లబాబు
బ్రదర్, అంతే కాదు. నేను జియాలజీ వాణ్ణి, ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతా: మెషిన్ పెట్టొద్దు.

మన గచ్చులో చలువరాతి చిప్స్ అన్నీ ఇంచుమించు ఒకే గట్టిదనం. ఈ బల్లలో అలా ఉండదు. మెక్సికోలో ప్యూబ్లా దగ్గర తెకాలిలో దొరికే, అక్కడివాళ్లు ఓనిక్స్ అని పిలిచే రాయి నిజానికి కాల్సైట్, అంటే చలువరాతిలో ఉండే ఖనిజమే. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు (1 నుంచి 10) మీద 3, చాకుతో గీస్తే గీత పడుతుంది. పక్కనే జాస్పర్ ముక్క ఉంటే అది దాదాపు 7. అబ్సిడియన్ (అగ్నిపర్వతాల గాజు) 5 పైన, మాలకైట్ (ఆకుపచ్చ రాగి ఖనిజం) 4 లోపు. మెషిన్ ఆడిస్తే మెత్తటివి అరిగి గుంటలు పడతాయి, గట్టివి పైకి లేచి నిలబడతాయి. తర్వాత చెయ్యి రాస్తే గతుకులే. డాలస్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో అలాంటి బల్ల చూశాను. పాత ఓనర్ ఎవరో రుద్దించారట. లేత ఆకుపచ్చ ముక్కలన్నీ పళ్లెంలా లోపలికి పోయి, వాటిలో దుమ్ము చేరింది.

కాల్సైట్‌కీ మాలకైట్‌కీ పులుపు శత్రువు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ ఏది పడినా మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. పులిహోర గిన్నె అడుగు తడిగా ఉండి ఉంటే పసుపుతోపాటు ఆ మచ్చ కూడా ఉందేమో చూడండి. లైటు పక్కవాటంగా వేసి చూస్తే తెలుస్తుంది.

ఆస్టిన్ సుధ
ఉందండీ, గోరంత వెడల్పున మసగ్గా. పసుపు మాత్రం రాళ్ల మధ్య సిమెంటులో ఉంది, కాస్త ఎర్రగా మారింది.

రాళ్లబాబు
సిమెంటు క్షారం కదా, సున్నం తగిలిన పసుపు పారాణి అయినట్టే. వంటసోడా రాయకండి, ఇంకా ఎర్రబడుతుంది. పసుపు రంగు వెలుతురికి దానంతటదే వెలిసిపోతుంది. కిటికీ పక్కన కొన్నాళ్లు ఉంచండి. టెక్సాస్ ఎండలో బయట పెట్టేరు సుమా, అడుగున ప్లైవుడ్ ఉంటే ఎండి వంగి ముక్కలు ఊడతాయి. వేలి కణుపుతో అక్కడక్కడా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ముక్క వదులైనట్టు.

హ్యూస్టన్ రవి
బల్లలో నీలం ఉందా? అడగడానికి కారణం ఉంది. మెక్సికో సిటీ ఉనామ్ యూనివర్సిటీలో సెంట్రల్ లైబ్రరీ చూశాం. 1950ల మొదట్లో హువాన్ ఓ గోర్మన్ అనే ఆర్కిటెక్ట్, చిత్రకారుడు నాలుగు గోడలనీ సహజమైన రాళ్లతో నింపేశాడు, దాదాపు 4,000 చదరపు మీటర్లు. దేశమంతా తిరిగి రంగురాళ్లు పోగేశాడు. నీలానికి మాత్రం సరైన రాయి దొరక్క రంగు గాజు వాడాడు. అంతకుముందు చిత్రకారుడు డియేగో రివేరాతో కలిసి అనహువకాయి మ్యూజియం పైకప్పుల్లో ఈ పద్ధతి ప్రయత్నించారు. బల్లల్లో రాళ్లు పొదగడం కూడా ఆ గాలిలో పుట్టిందే అని నా అభిప్రాయం. మనవాళ్లు అక్కడికెళ్తే పిరమిడ్లు చూసి వచ్చేస్తారు, ఆ గోడల ముందు ఒక పూట నిలబడాలి.

ఆస్టిన్ సుధ
నీలం ముక్కలు ఉన్నాయి. భూతద్దంలో ఒకదాంట్లో చిన్న గాలిబుడగ కనిపించింది!

హ్యూస్టన్ రవి
అయితే గాజే.

పాతసామాను ప్రియ
తుడవడానికి తడి గుడ్డ, పీహెచ్ న్యూట్రల్ సబ్బు, వెంటనే పొడి గుడ్డ. ఇత్తడికి బ్రాసో లాంటివి వద్దు, పక్కనున్న రాతి మీదికి పోతుంది. పాత నలుపు ఉంటేనే దానికి అందం. ఇంట్లో జనం ఎక్కువైతే పైన గాజు పలక వేయించుకోండి. కింద రబ్బరు బుడిపెలు పెట్టి కాస్త గాలి ఆడేలా చూడండి, లేకపోతే చెమ్మ చిక్కుకుంటుంది.