అప్‌డేట్: మా బాక్సర్ కుక్క మెదడు గడ్డ రిపోర్టు వచ్చింది

ఫిట్స్ వస్తున్న మా ఎనిమిదేళ్ల బాక్సర్‌కి ఎంఆర్ఐలో మెదడు గడ్డ కనిపించిందని, అది ఏ రకమో ఎలా తెలుస్తుందని అడిగాను కదా. పోయిన నెల వాడు పోయాడు. ఎంవీపీ కాలనీ ఇంట్లో గొలుసు ఇంకా గుమ్మం మేకుకే ఉంది.

పోస్ట్‌మార్టం చేయించి, ఫార్మలిన్‌లో ఉంచిన ముక్కను ల్యాబ్‌కి పంపాం. మామూలు రంగులద్ది చూస్తే అది ఆస్ట్రోసైటోమానా, ఆలిగోడెండ్రోగ్లియోమానా (రెండూ మెదడులోని ఆసరా కణాల గడ్డలే) తేలలేదట. అందుకే కణాల్లో ఏ ప్రోటీన్ ఉందో రంగుతో చూపించే మార్కర్లు వేశారు. ఫొటోలో ఆలిగ్2 అనే మార్కర్ కణాల కేంద్రకాల్లో గోధుమరంగు చుక్కల్లా పట్టింది. కానీ అది రెండు రకాల్లోనూ పడుతుంది, దాన్నొక్కదాన్నే నమ్మలేమన్నారు డాక్టర్‌గారు. గడ్డ కణాల్లో ఆస్ట్రోసైటోమాలో పట్టే జీఎఫ్ఏపీ మార్కర్ దాదాపు లేదు, ఆలిగోడెండ్రోగ్లియోమాలో పట్టే సీఎన్‌పేజ్ బాగా పట్టింది. కాబట్టి ఆలిగోడెండ్రోగ్లియోమా. బాక్సర్ల లాంటి పొట్టిమూతి జాతుల్లో ఎక్కువేనట.

ఆర్కే బీచ్‌లో ఉప్పునీళ్లు తాగడం వల్లేనన్న మా పిన్నికి రిపోర్టు చూపించాను. ఒప్పుకోలేదు.