తెలుస్తుంది, గమనిస్తాను, పట్టించుకుంటాను: ఒంటి లోపలి కబురు అడిగే ప్రశ్నల్లో ఏ క్రియ ఎక్కడ?

(కలం పేర్లతో నలుగురి చర్చ)

పదసేకరణ: గుండె, ఊపిరి, కడుపు, కండరాలు… వీటి సంగతి మనిషికి ఎంతవరకు తెలుస్తుందో అడిగే ఎంఏఐఏ-2 ప్రశ్నావళి తెలుగు చేయాలి. మెహ్లింగ్ అనే పరిశోధకుడి బృందం దాని మొదటి రూపాన్ని 2012లో 32 వాక్యాలతో తెచ్చింది. 2018 సవరణలో అవి 37 అయ్యాయి. ఎనిమిది విభాగాలు, ఒక్కో వాక్యానికి 0 నుంచి 5 మార్కులు. ‘నోటీస్’ ఉన్న ప్రతిచోటా ‘గమనిస్తాను’ అంటే సరిపోతుందా? ఇలా ఒంటి లోపలి సంగతి తెలియడాన్ని ఇంగ్లీషులో ఇంటరోసెప్షన్ అంటారు, దాన్ని ‘అంతర్వేదన’ అనవచ్చా?

కొలతబద్ద: రెండోదానికి ముందు జవాబు: వద్దండి. సంస్కృతంలో విద్ ధాతువుకి తెలియడమనే అర్థమున్నా, తెలుగువాడికి వేదన అంటే బాధే. అంతర్వేదన అని పైన అచ్చువేస్తే మనోవ్యథ మీద సర్వే అనుకుంటారు. వ్యాసాల్లో ‘అంతఃసంవేదన’ వాడండి, మనస్తత్వశాస్త్ర పుస్తకాల్లో సంవేదన ఇప్పటికే ఉంది. జవాబిచ్చేవారి కాగితం మీద మాత్రం ఆ పేరే అక్కర్లేదు. ‘మీ ఒంటి గురించి కొన్ని ప్రశ్నలు’ చాలు.

ఇక క్రియ. అసలు చిక్కు ఇక్కడుంది. ‘నాకు గుండె కొట్టుకోవడం తెలుస్తోంది’లో నేను చేసే పనేమీ లేదు, దానంతటది వచ్చి తగులుతుంది. ‘గమనిస్తాను’ అంటే పనిగట్టుకుని చూడటం. ‘పట్టించుకుంటాను’లో తెలిసిన తర్వాత దానికి విలువ ఇవ్వడం ఉంది. ప్రశ్నావళి కూడా ఈ మూడింటినీ విడివిడిగానే కొలుస్తుంది. మొదటి విభాగంలోని నాలుగు వాక్యాలకు ‘తెలుస్తుంది’ పెట్టండి. ధ్యాసని అదుపులో పెట్టుకోవడం మీద ఏడు వాక్యాలున్నాయి, అక్కడ ‘ధ్యాస నిలపగలను’, ‘ధ్యాస మళ్ళించుకోగలను’. నొప్పినీ ఇబ్బందినీ పక్కకు నెట్టేసే అలవాటు మీద ఉన్న ఆరింటికి ‘పట్టించుకోను’. ఈ ఆరూ తిరగేసి లెక్కించాలి, అంటే 5లోంచి మార్కు తీసేయాలి. మూడుచోట్లా ‘గమనిస్తాను’ అంటే, ఏ ప్రయత్నమూ లేకుండానే ఊపిరి మారడం తెలిసిపోయే మనిషి ‘నేనేం గమనించను’ అని 1 వేస్తాడు. తెలివిడి ఎక్కువున్నవాడే తక్కువ మార్కుతో తేలతాడు.

ఓరుగల్లు మాట: తెలంగాణలో ‘తెలుస్తది’తో పాటు ‘ఎర్కైతది’ ఉంది, నోటీస్‌కి అది ఇంకా దగ్గర. కానీ రెండు రాష్ట్రాలకీ ఒకే కాగితమైతే ఎరుక వద్దు. కోస్తాలో ఎరుక అనగానే సోదె చెప్పేవాళ్ళో వేదాంతమో గుర్తొస్తుంది. ‘ఒంట్లో’ అందరికీ అర్థమవుతుంది. తెలంగాణలో పెద్దవాళ్ళని నోటితో అడిగేటప్పుడు ‘పెయ్యి’ అనండి, ఇక్కడ ఒంటికి అదే మాట. ‘పానం’ అనకండి. ‘పానం మంచిగ లేదు’ అంటే మొత్తం ఆరోగ్యం సంగతి, ఒక చోటు చెప్పమంటే కుదరదు.

పదసేకరణ: చోటు అన్నారు కాబట్టి, ‘టెన్స్‌గా ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఒంట్లో ఎక్కడుందో’ అనే తరహా వాక్యం ఉంది. టెన్షన్ అని ఉంచేయనా?

కొలతబద్ద: ఉంచితే ‘ఆఫీసులో’ అంటారు! తెలుగులోకి వచ్చాక టెన్షన్ పూర్తిగా మనసుదైపోయింది, కండరం సంగతి రాలిపోయింది. ‘ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో ఎక్కడ బిగుసుకుందో నాకు తెలుస్తుంది’ అనండి. మెడ, దవడ, భుజాలు అని ఉదాహరణలు ఇవ్వకండి. ఇస్తే ఆ మూడింటి గురించే ఆలోచిస్తారు.

గుంటూరు గళ్ళనుడి: వాక్యాల కంటే, వాటి కింద జవాబులకుండే గళ్ళ పేర్లు ఎక్కువ చెడగొడతాయి. 0కి ‘ఎప్పుడూ కాదు’, 5కి ‘ఎప్పుడూ’ అని అచ్చువేస్తే పని చెడినట్టే. ‘ఎప్పుడూ కాదు’ని సగం మంది ‘అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లు’ అని చదువుకోగలరు. పైగా వాక్యం ‘పట్టించుకోను’ అని ముగిసి, కింద ‘ఎప్పుడూ’ కనిపిస్తే రెండూ కలిసి ‘ఎప్పుడూ పట్టించుకోను’ అయిపోతాయి; పక్కనే ‘ఎప్పుడూ కాదు’ ఉంటే వ్యతిరేకం మీద వ్యతిరేకం. 0కి ‘ఒక్కసారీ లేదు’, 5కి ‘ప్రతిసారీ’ పెట్టండి. ‘పట్టించుకోను’ బదులు ‘పట్టించుకోకుండా వదిలేస్తాను’ అంటే వాక్యం చివర వ్యతిరేక క్రియ ఉండదు, గళ్ళతో గొడవ తీరుతుంది.

కొలతబద్ద: మంచి మాట. ఆ సవరణ ఆరు వాక్యాలకూ చేయాల్సిందే.

పదసేకరణ: ప్రశ్నావళితో పాటు గుండె దెబ్బలు లెక్కపెట్టే పరీక్ష కూడా పెడుతున్నారు. దాని సూచన ‘మీ గుండె దడను లెక్కపెట్టండి’ అని రాసి పంపారు.

కొలతబద్ద: దడ తీసేయండి. దడ అంటేనే ఏదో తేడా వచ్చిందని. మామూలుగా కొట్టుకునే గుండెకి దడ లేదు. ‘నాకు దడ లేదే’ అని సున్నా చెప్పినా తప్పుపట్టలేం. ‘లబ్‌డబ్’ కూడా వద్దు, రెండు చప్పుళ్ళని రెండుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

పరీక్ష 1981లో షాండ్రీ అనే మనస్తత్వశాస్త్రవేత్త రూపొందించినది. 25, 35, 45 సెకన్లు, మూడు విడతలు. నాడి పట్టుకోకూడదు. నిజంగా కొట్టుకున్నవాటికీ చెప్పినవాటికీ తేడాని నిజమైనవాటితో భాగించి, 1లోంచి తీసేసి, మూడింటి సగటు తీస్తారు. నిమిషానికి 72 అనుకుంటే నిజమైనవి 30, 42, 54. మనిషి 24, 30, 36 అన్నాడనుకోండి, సగటు 0.73. ఇప్పుడు ఇంకొకడు గుండె ఊసే తెలియక మనసులో సెకన్లు లెక్కపెట్టి 25, 35, 45 అన్నాడు. వాడికి 0.83! ఈ పరీక్ష మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. అందుకే విడత ఎన్ని సెకన్లో ముందు చెప్పరు, గోడ గడియారం కనబడనివ్వరు, విడిగా కాలం అంచనా పరీక్ష కూడా పెడతారు. నిజమైన లెక్క కోసం వేలికి పెట్టే క్లిప్పు బిగుతుగా ఉంటే వేలి కొసనే నాడి తెలిసిపోతుంది; ఛాతీకి ఈసీజీ పట్టీలు మేలు. ప్రతి విడత తర్వాత ‘ఎంత నమ్మకంగా చెప్పారు’ అని ఒక మార్కు అడగాలి. గార్ఫింకెల్ బృందం 2015లో విడదీసిన మూడు – సరిగ్గా చెప్పడం, తెలుస్తుందని తాను అనుకోవడం, ఆ అనుకోవడం నిజంతో కలవడం – వీటిలో మూడోది ఆ మార్కు లేకుండా రాదు.

ఓరుగల్లు మాట: అష్టావధానంలో ఘంటాగణనం చేసేవారికి ఈ పరీక్ష సులువేనేమో!

కొలతబద్ద: గంట చెవికి వినబడుతుంది కదండీ. పుష్పగణనంలో పువ్వు వీపుకి తగులుతుంది. రెండూ బయటివే. 1906లో నాడీశాస్త్రవేత్త షెరింగ్టన్ లోపలి గ్రాహకాలని, అంటే ఒంటి లోపలి కబురు పట్టేవాటిని, వేరుచేసింది సరిగ్గా ఈ గీత దగ్గరే.

పదసేకరణ: అయితే సూచన ఇలా రాస్తున్నాను: ‘నాడి పట్టుకోకుండా, కదలకుండా కూర్చుని, గుండె కొట్టుకున్నట్టు అనిపించిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టండి.’

గుంటూరు గళ్ళనుడి: ‘అనిపించిన’లో ఊహకి దారి ఉంది. అనిపించడమంటే ఖాయంగా తెలియకపోయినా సరేనని.

కొలతబద్ద: అవును. ‘కొట్టుకోవడం తెలిసిన ప్రతిసారీ’ అనండి. దాని వెనకే ‘అంచనా వేయకండి, ఒక్కటీ తెలియకపోతే సున్నా అని చెప్పండి, అదీ సరైన జవాబే’ అని చేర్చండి. ఆ ఒక్క వాక్యంతో మార్కులు బాగా పడిపోతాయి, కంగారుపడకండి. పడిపోయేది ఊహించి చెప్పిన భాగం. ముద్రణకి ముందు కొందరికి చదివి వినిపించి, ‘మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి’ అని అడగండి. తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూడటం ఒక్కటే చాలదు: టెన్షన్ అని ఉంచేసినా అది మళ్ళీ ‘టెన్షన్’గానే వస్తుంది, తప్పు దొరకదు.